కొనుగోలుదార్ల మీటింగ్‌లో నిమిషం ఇస్తారు, నా గురించీ మా యూనిట్ గురించీ ఏం చెప్పాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మీ నాన్నగారు పాతికేళ్ళుగా రబ్బరు గాస్కెట్ల యూనిట్ నడుపుతున్నారు, అంటే పంపుల్లో, వాల్వుల్లో అతుకుల దగ్గర కారకుండా మధ్యలో వేసే రబ్బరు ముక్కలు. ఆయన మోకాళ్ళ నొప్పులతో తిరగలేకపోతున్నారు కాబట్టి రెండేళ్ళుగా బయటి పనులన్నీ మీరే చూస్తున్నారు. వచ్చే నెల సిరిపురంలో జరిగే కొనుగోలుదార్ల మీటింగ్‌కి మొదటిసారి మీరు ఒక్కరే వెళ్తున్నారు. అక్కడ ఒక్కొక్కరికీ నిమిషం ఇస్తారు. నలుగురిలో లేచి నిలబడితే మీకు గొంతు తడారిపోతుంది, పేరు చెప్పాక మాట రాదు. పోనీ ధైర్యం చేసి చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందేమోనని ఇంకో భయం.

నేను ఇదే ఊళ్ళో 2004 నుంచి కాలిబ్రేషన్ ల్యాబ్, అంటే కొలిచే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే ల్యాబ్ నడుపుతున్నాను. ఇలాంటి మీటింగులకి వందకు తక్కువ కాకుండా వెళ్ళుంటాను. సగం వాటిలో సరిగ్గా మాట్లాడలేదు కూడా. అందుకని సమాధానం ముందే చెప్పేస్తాను.

మీరెవరు, ఎవరికి ఏ ఇబ్బంది తీరుస్తారు, ఆ రోజు ఎవరిని కలవాలని వచ్చారు. ఈ మూడూ చెప్పి కూర్చోండి. నిమిషం ఇచ్చారు కదా అని నిమిషమూ వాడక్కర్లేదు. ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. బాగా చెప్పారా లేదా అన్నదానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది: విన్న మనిషి మర్నాడు తన ఆఫీసులో ఇంకొకరికి మీ గురించి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

ఈ కొలత ఎందుకంటే, ఆ హాల్లో కూర్చునేది చాలావరకు కొనుగోలు విభాగం వాళ్ళు. గాస్కెట్ చిరిగితే తల పట్టుకునేది మాత్రం మెయింటెనెన్స్ వాళ్ళు. వాళ్ళు ప్లాంటులోనే ఉంటారు, మీటింగ్‌కి రారు. కొనుగోలాయన పరవాడకో అచ్యుతాపురానికో తిరిగి వెళ్ళి, మధ్యాహ్నం క్యాంటీన్‌లో మెయింటెనెన్స్ ఇంజినీరు పక్కన కూర్చున్నప్పుడు "నిన్న ఒకమ్మాయి చెప్పింది..." అని మొదలుపెట్టాలి. ఆ వాక్యం ఆయన నోట్లో మీరు పెట్టాలి. మీరు పక్కన లేకుండా అది నడవాలి.

నా మొదటి మీటింగ్ సంగతి చెబితే మీ టెన్షన్ కొంచెం తగ్గుతుంది. ల్యాబ్ పెట్టి నాలుగు నెలలైంది. బీచ్ రోడ్డులో ఒక హోటల్ హాలు. నా వంతు వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన డిగ్రీ దగ్గర మొదలుపెట్టాను. తర్వాత హైదరాబాద్‌లో చేసిన రెండు ఉద్యోగాలు, ఆ తర్వాత ల్యాబ్‌లో ఉన్న ఒక్కో పరికరం పేరు, దాని రేంజి, దాని కచ్చితత్వం. నాలుగు నిమిషాలు గడిచాయి. వేదిక మీదున్న పెద్దాయన చెంచాతో గ్లాసు మీద కొట్టారు. అప్పటికీ నేను అసలు విషయానికి రాలేదు. టీ దగ్గర ఇంకో పెద్దాయన వచ్చి ఎంతో ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి, "బాబూ, మా ఇంట్లో పాత గోడ గడియారం ఒకటుంది, ఓసారి చూస్తావేటి?" అన్నారు.

పరికరాలు, కచ్చితత్వం, సరిచూడడం. ఆయన చెవిన పడింది ఈ మూడు మాటలు. వాటితో ఆయన నాకు గడియారాల షాపు పెట్టించేశారు. ఆయన తప్పేం లేదు, నేను అంతకంటే పట్టుకునేదేమీ ఇవ్వలేదు.

ఇప్పుడు నేను చెప్పేది ఇది: "బాయిలర్ మీద గేజ్ పది కేజీలు చూపిస్తోందంటే నిజంగా పదేనా కాదా అని తేల్చి, సర్టిఫికెట్ ఇచ్చేది మేమండి." అంతే. ప్రెషర్‌ని ప్లాంటులో ఎవరూ 'చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలు' అని పూర్తిగా పలకరు, 'కేజీలు' అంటారు. వాళ్ళ మాటలోనే చెప్పాను కాబట్టి వాళ్ళకి వెంటనే పడుతుంది. బాయిలర్ ఎప్పుడూ చూడని మా బావమరిదికి కూడా అర్థమైంది. మా ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంది, ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రకారం నడుస్తుంది. అవి ముఖ్యమైనవే. కానీ అడిగినప్పుడు చెబుతాను, లేదా కార్డు మీద ఉంటాయి. మొదటి వాక్యంలో పెడితే విన్నవాళ్ళ మొహంలో దీపం ఆరిపోతుంది.

ఈ విద్య నాకు నేర్పింది మాత్రం ఒక షిప్ చాండ్లర్. పోర్టుకి వచ్చిన ఓడలకి కూరగాయల దగ్గర్నుంచి తాళ్ళ దాకా సరుకులు అందించే వ్యాపారం ఆయనది. ఒక మీటింగ్‌లో ఆయన లేచి, పేరు చెప్పి, "అవుటర్ హార్బర్‌లో నిలబడ్డ ఓడలో వంటాయనకి అర్ధరాత్రి కరివేపాకు కావాలన్నా నాకే ఫోన్ చేస్తాడండి" అని కూర్చున్నారు. పది సెకన్లు పట్టిందేమో. హాలంతా నవ్వింది. ఆయన కంపెనీ పేరు నాకు ఇప్పటికీ గుర్తులేదు, కానీ ఆ కరివేపాకు మాట కనీసం ముగ్గురికి చెప్పుంటాను. ఆ ముగ్గురిలో ఒకాయన షిప్పింగ్ ఏజెంటు. మిగతాది మీరు ఊహించుకోవచ్చు.

పేరు గుర్తులేకపోవడం నా మతిమరుపు ఒక్కటే కాదు. 1987లో బ్రిటన్‌లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ముఖాలు చూపించి, ఒక్కొక్కరి పేరూ వృత్తీ నేర్పించి, తర్వాత అడిగారు. వృత్తి గుర్తున్నంతగా పేరు గుర్తుండలేదు. తమాషా ఏమిటంటే, ఒకే మాటని ఒకరికి ఇంటిపేరుగానూ ఇంకొకరికి వృత్తిగానూ చెప్పినా అదే ఫలితం. ఇంగ్లీషులో 'బేకర్' అనేది ఇంటిపేరూ అవుతుంది, రొట్టెలు కాల్చే మనిషీ అవుతుంది. రొట్టెల మనిషి అంటే కళ్ళ ముందు పొయ్యి కనిపిస్తుంది, వాసన వస్తుంది. ఉత్త పేరుకి అవేమీ ఉండవు. కాబట్టి మీ పేరు మొదట ఒకసారి, చివర ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఆ మధ్యలో కంటికి కనిపించేది ఒకటి పెట్టండి. పేరు మర్చిపోయినా "ఆ గాస్కెట్ల అమ్మాయి" అని వెతుక్కుంటూ వస్తారు.

ఇక మీరు రాసి పంపిన చిత్తుప్రతి. "అత్యుత్తమ నాణ్యత, సరసమైన ధరలు, సకాలంలో డెలివరీ, కస్టమర్ సంతృప్తే మా లక్ష్యం" అని ఉంది. ఏమీ అనుకోకండి, అది గాస్కెట్లకీ పనికొస్తుంది, పెళ్ళి భోజనాల క్యాటరింగుకీ పనికొస్తుంది. ఆ హాల్లో నలభై మంది ఉంటే ముప్ఫై మంది అదే చదువుతారు. నాసిరకం, ఎక్కువ ధర, ఆలస్యం అని ఎవరూ చెప్పుకోరు కదా.

కానీ మీ ప్రశ్న చివర్లో, ఏదో మాటవరసకి అన్నట్టు ఒక మాట రాశారు: "మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది కొలతలు కూడా తెలియని పాత మెషీన్ల వాళ్ళు, చిరిగిన ముక్క పట్టుకొస్తే చూసి రెండు రోజుల్లో కొత్తది చేసిస్తాం" అని. అమ్మా, మీ పరిచయం అదే. దాన్ని తీసుకెళ్ళి అడుగున పెట్టి, పైన క్యాటరింగు మాటలు పేర్చారు. డ్రాయింగు పోయిన పాత పంపులు, కంపెనీయే మూతపడిన కంప్రెసర్లు ఈ ఊళ్ళో ఎన్ని ప్లాంట్లలో ఇంకా నడుస్తున్నాయో మీ నాన్నగారిని అడగండి, చెబుతారు.

నేనైతే ఇలా చెబుతాను:

"అందరికీ నమస్కారమండి. నా పేరు ఫలానా. ఆటోనగర్‌లో మాది రబ్బరు గాస్కెట్ల యూనిట్. మీ ప్లాంటులో పాత పంపుకో వాల్వుకో గాస్కెట్ చిరిగింది, కొలతల్లేవు, డ్రాయింగు లేదు అనుకోండి. ఆ చిరిగిన ముక్క మాకు పంపండి, రెండు రోజుల్లో కొత్తది చేసిస్తాం. ఇరవై ఐదేళ్ళుగా ఇదే పని. మెయింటెనెన్స్ చూసేవాళ్ళు, లేదా వాళ్ళ నంబరు ఇవ్వగలిగేవాళ్ళు ఉంటే టీ దగ్గర కలుస్తాను. నా పేరు ఫలానా, ఆటోనగర్ నుంచి."

గడియారం పెట్టి చదివాను. తొందరపడకుండా చదివినా అరనిమిషం దాటలేదు.

ఇందులో ఒక్కచోట జాగ్రత్త. షీటు నుంచి కోసే గాస్కెట్ అయితే రెండు రోజులు నిజమే. మౌల్డులో పోయాల్సినదైతే ముందు డై (అచ్చు) తయారవ్వాలి, రెండు రోజుల్లో కాదు. ఎవరైనా "ఏదైనా రెండు రోజులేనా?" అని అడిగితే వెంటనే "కాదండి, షీటు నుంచి కోసేవి మాత్రమే" అనండి. ఆ 'కాదండి'కి భయపడకండి, నాకు పని తెచ్చిపెట్టింది అదే.

ఎలాగంటే, ల్యాబ్ పెట్టిన మూడో ఏట అనుకుంటా, నేను అందరిలాగే "ఇన్‌స్ట్రుమెంట్లకి సంబంధించి అన్నీ చేస్తామండి" అనేవాణ్ణి. ఒక ప్లాంటు కొనుగోలాయన కళ్ళజోడు పైనుంచి చూసి "చేయనిదేమిటి?" అన్నారు. నీళ్ళు నమిలాను. "అన్నీ చేసేవాడితో నాకు పని లేదయ్యా" అని పక్కకి తిరిగిపోయారు. ఆ రాత్రి కూర్చుని, మాకు నిజంగా ఏది బాగా వచ్చు, ఏది రాదు అని కాగితం మీద రాసుకున్నాను. తర్వాత్నుంచి "ప్రెషర్, టెంపరేచర్ చేస్తాం. ఫ్లో మీటర్లు చేయం, వాటికి వేరేవాళ్ళని చూపిస్తాం" అని చెప్పడం మొదలుపెట్టాను. ఏడాది తిరక్కుండానే అదే ఆయన పిలిచి టెంపరేచర్ సెన్సర్ల పని ఇచ్చారు. ఏది చేయలేమో చెప్పినవాడు ఏది చేయగలమని చెప్పినా నమ్ముతారు.

సొంత డబ్బా అన్నారు. మనలో చాలామందికి ఉన్న జబ్బే ఇది. నిండు కుండ తొణకదు అని చిన్నప్పుడే నూరిపోశారు. మీరు తొణకక్కర్లేదు, కుండలో ఉన్నవి నీళ్ళో మజ్జిగో చెబితే చాలు. "మేమే నంబర్ వన్", "ఉత్తరాంధ్రలో మాకు పోటీ లేదు" అంటే డబ్బా. "చిరిగిన ముక్క ఇస్తే రెండు రోజుల్లో కొత్తది" అన్నది సమాచారం. విశేషణాలన్నీ కొట్టేసి చూడండి, మిగిలినదాంట్లో మీకు సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించదు. దీనికి ఉల్టా తప్పు కూడా చేయకండి. "మాది చిన్న యూనిటేనండి", "ఏదో నాన్నగారికి సాయంగా వస్తున్నాను" లాంటి మాటలు వినయం అనుకుంటాం. విన్నవాడికి మాత్రం "వీళ్ళు పెద్ద ఆర్డరు మోయలేరు" అని వినిపిస్తుంది.

కఠినమైన మాటల సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. రుషికొండ ఐటీ కొండ మీద ఆఫీసున్న ఒక కుర్రాడు "ఆసుపత్రులకి ఎండ్ టు ఎండ్ ఇంటెలిజెంట్ సొల్యూషన్స్" అన్నాడు. హాల్లో గాలి కూడా కదల్లేదు. టీ దగ్గర నేను గుచ్చి గుచ్చి అడిగితే "గడువు దగ్గరపడిన మందులేవో మందుల షాపుకి ముందే చూపిస్తుంది అంకుల్" అన్నాడు. ఇదే అక్కడ చెప్పొచ్చు కదయ్యా!

ఇంకో జాగ్రత్త, ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది. ఉదాహరణ చెబితే బాగా గుర్తుంటుంది, నిజమే. కానీ కస్టమరు పరువు తీసే ఉదాహరణ చెప్పకండి. ఒకసారి ఊపులో "ఫలానా ప్లాంటులో గేజ్ రెండేళ్ళుగా తప్పు చూపిస్తుంటే మేము పట్టుకున్నాం" అని ప్లాంటు పేరుతో సహా చెప్పేశాను. నాలుగు వరసల వెనక వాళ్ళ మనిషి ఉన్నాడు. ఆ తర్వాత ఆ గేటు లోపలికి నేను వెళ్ళలేదు. పేరు తీసేసి "ఒక ప్లాంటులో" అని ఉంటే సరిపోయేది. అదీ ఎవరో పోల్చుకునేలా ఉండకూడదు. మన వైజాగ్‌లో ఎవరికి ఎవరు తెలుసో చెప్పలేం.

ఇక మీ గొంతు తడారడం. దీనికి నాకు తెలిసిన చిట్కాలు గొప్పవేమీ కావు గానీ పనిచేస్తాయి. అరగంట ముందే వెళ్ళండి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నవాళ్ళతోనైనా సరే ఇద్దరితో మాట్లాడండి, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం చేస్తారు అని. మీరు లేచేసరికి హాల్లో రెండు తెలిసిన మొహాలు ఉంటాయి. వాళ్ళవైపు చూసి మాట్లాడండి. మొదటి వాక్యం మాత్రం నిద్రలో లేపినా చెప్పగలిగేంతగా కంఠతా పట్టండి. మిగతాది కంఠతా వద్దు. మొత్తం బట్టీపట్టినవాళ్ళు ఒక మాట తప్పితే అక్కడే ఆగిపోతారు. మైకు చేతికి రాగానే మాట్లాడేయకండి, ఒక ఊపిరి పూర్తిగా వదిలి అప్పుడు మొదలుపెట్టండి.

ఒకటి తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. వరసగా పరిచయాలు జరిగేటప్పుడు, తన వంతుకి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పింది మనిషికి దాదాపు ఎక్కదు. 1973లో మాల్కమ్ బ్రెనర్ అనే పరిశోధకుడు ప్రయోగం చేసి మరీ దీన్ని చూపించాడు. ఎవరి వంతు కోసం వాళ్ళు లోపల వల్లించుకుంటూ ఉంటారు మరి. అంటే మీరు తడబడితే మీ తర్వాత మాట్లాడబోయేవాళ్ళకి అసలు తెలియదు కూడా. దీనికి ఇంకో వైపు ఉంది. మీ పక్క కుర్చీవాళ్ళు మీ మాట వినలేదు, మీరూ మీ ముందువాళ్ళ మాట వినలేదు. వాళ్ళిద్దరి దగ్గరికీ టీ అప్పుడు వెళ్ళి "సారీ అండి, నా టెన్షన్‌లో మీరు చెప్పింది సరిగ్గా వినలేదు, మళ్ళీ చెబుతారా?" అనండి. ఎంత నిజాయితీగా ఉంటుందో. నేను చాలా పరిచయాలు ఇలాగే మొదలుపెట్టాను.

సాధన ఎలా చేయాలంటే, అద్దం ముందు వద్దు. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఒకసారి వినండి, ఎక్కడ నసుగుతున్నారో తెలుస్తుంది. ఆ తర్వాత గాస్కెట్ అంటే ఏమిటో తెలియని ఒకరికి చెప్పండి. పక్కింటి పిన్నిగారో, మీ వీధి కిరాణా కొట్టాయనో ఎవరైనా పర్వాలేదు. ఆ రోజు ఏమీ అడగకండి. మర్నాడు వెళ్ళి "నిన్న నేను ఏం చేస్తానని చెప్పాను?" అని అడగండి. వాళ్ళు తిరిగి ఏ మాటలు చెబుతారో అవే మీ అసలు పరిచయం. మిగతావి గాలికి పోయాయని అర్థం, కొట్టేయండి. ప్రెషర్ కుక్కర్ మూతకి ఉండే రబ్బరు లాంటిదా అని పిన్నిగారు అంటే, ఆ పోలిక కూడా వాడుకోండి.

మీరు అడగలేదు గానీ, ఎదురయ్యే ప్రశ్నలు మూడున్నాయి.

మొదటిది "నాన్నగారు రాలేదామ్మా?" కచ్చితంగా అడుగుతారు, కనీసం ఐదుగురు. అందులో చాలామంది ఆప్యాయతతోనే అడుగుతారు, కాబట్టి చిరాకు పడొద్దు. కానీ "ఆయనకి ఒంట్లో బాగోలేదు, అందుకే నేను వచ్చాను" అని ఆగిపోతే మీరు తాత్కాలికంగా వచ్చినట్టు అయిపోతుంది. "నాన్నగారు యూనిట్ దగ్గరే ఉన్నారండి. ఆర్డర్లూ కొలతలూ ఇప్పుడు నేనే చూస్తున్నాను. మీ దగ్గర పాత పంపులేమైనా ఉన్నాయా?" అనండి. సమాధానమూ అయింది, మాట పనిలోకీ వచ్చింది.

రెండోది "మీ ఇంటిపేరు ఏమిటమ్మా? అసలు ఏ ఊరు?" ఇది ఎందుకు అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందరూ అందుకే అడగరు, కొందరికి నిజంగానే చుట్టరికాలు కలుపుకునే సరదా. చెప్పేయండి, దాచాల్సిందేం లేదు. కానీ మాట అక్కడ కూర్చోనివ్వకండి. "మాది అనకాపల్లి వైపు అండి. మీ ప్లాంటు ఎక్కడ?" అని ముందుకు కదిలించండి. "మనవాళ్ళే" అని వచ్చిన ఆర్డరు రెండు నేను చేశాను. రెండిటిలోనూ బిల్లు అడగడానికి మొహమాటపడి నష్టపోయాను, అంతకంటే చెప్పను.

మూడోది భాష. విశాఖలో నేవీ, డాక్‌యార్డు, స్టీలు ప్లాంటు వాళ్ళలో తెలుగు రానివాళ్ళు చాలామంది. మీటింగ్ ఇంగ్లీషులో జరగొచ్చు. మీకు ఇంగ్లీషు ధారాళంగా రాదని రాశారు. ఆ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో నేర్చుకుని వెళ్ళండి చాలు, తర్వాత ఎదుటివాళ్ళకి వచ్చిన భాషలోకి దిగొచ్చు. హిందీలో ఇంకా తక్కువతో గడిచిపోతుంది: "హమ్ రబ్బర్ గాస్కెట్ బనాతే హై, పురానా పీస్ దీజియే, దో దిన్ మే నయా దేంగే." వ్యాకరణం గురించి నన్నడగొద్దు, నాకు దీంతోనే డాక్‌యార్డు వాళ్ళతో పదేళ్ళు గడిచింది. ఇక తెలుగులో మాట్లాడేటప్పుడు మన యాస వస్తుందని కంగారుపడకండి. టీవీ యాంకర్‌లా మాట్లాడబోయి మధ్యలో "ఏటండీ" అని దొర్లితే నవ్వుతారు గానీ, మొదటి నుంచీ మీలాగే మాట్లాడితే ఎవరూ పట్టించుకోరు.

ఒక ముఖ్యమైన సంగతి మీ ప్రశ్నలో లేదు. యూనిట్ ఎవరి పేరు మీద ఉంది? ప్రభుత్వ రంగ సంస్థల వాళ్ళు వస్తారు కాబట్టి ఇది అక్కరకొస్తుంది. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళ విధానం 2012 నుంచి ఉంది. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలూ, ప్రభుత్వ రంగ సంస్థలూ తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. ఆ 25లోనే, మొత్తం కొనుగోళ్ళ మీద లెక్కకట్టి, 3 శాతం మహిళల యాజమాన్యంలోని సంస్థల నుంచి, 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి. ప్రొప్రైటర్‌షిప్ (ఒక్కరి పేరు మీదే ఉన్న సంస్థ) అయితే యజమాని మహిళ అయ్యుండాలి. భాగస్వామ్యమో ప్రైవేటు లిమిటెడో అయితే కనీసం 51 శాతం వాటా మహిళలది ఉండాలి. చిన్న సంస్థలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. మీకు ఇది వర్తిస్తే, ప్రభుత్వ రంగం వాళ్ళతో విడిగా మాట్లాడేటప్పుడు "ఉద్యమ్ ఉంది, మహిళా యాజమాన్యం" అని ఒక ముక్క చెప్పండి. ఆ లెక్క చూపించాల్సిన అవసరం వాళ్ళకీ ఉంటుంది. యూనిట్ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే మాత్రం ఆ మాట ఎత్తకండి, కాగితాలు అడిగిన రోజు ఇబ్బంది అవుతుంది. వర్తించినా సరే, అందరి ముందు చెప్పే పరిచయంలో దీన్ని మొదట పెట్టొద్దు. మొదట గాస్కెట్, తర్వాతే కోటా.

టీ దగ్గర పని వివరాలు అడుగుతారు, అప్పుడు మీ పనితనం చూపించండి. ఎవరైనా "వేడి నీళ్ళ లైనులో తరచూ పోతోందమ్మా" అంటే "ప్రస్తుతం ఏ రబ్బరు వేస్తున్నారండి?" అని అడగండి. నూనె తగిలే చోట ఈపీడీఎం రకం రబ్బరు వేస్తే ఉబ్బిపోతుందనీ, అక్కడ నైట్రైల్ రకం వేయాలనీ మీకు తెలుసు. ఈ జ్ఞానమంతా పరిచయంలో కుక్కకుండా ఇక్కడ ఒక్క ప్రశ్న రూపంలో వాడితే, పని తెలిసిన మనిషి అని అవతలివాళ్ళకి అదే అర్థమవుతుంది. ఇద్దరు ముగ్గురితో ఇలా మాట్లాడగలిగితే ఆ రోజుకి చాలు. హాలంతా తిరిగి నలభై కార్డులు పంచినవాళ్ళని చూశాను, ఆ కార్డులు సాయంత్రం కుర్చీల కిందే కనిపిస్తాయి.

అదే రోజు రాత్రి వాట్సాప్ పంపండి. పన్నెండు పేజీల బ్రోచర్ వద్దు. "ఇవాళ సిరిపురంలో కలిశాం, చిరిగిన గాస్కెట్ పంపితే రెండు రోజుల్లో చేసిచ్చేవాళ్ళం" అని ఒక లైను, కింద ఒక ఫోటో. ఆ మెసేజీని ఆయన యథాతథంగా తమ మెయింటెనెన్స్ గ్రూపులోకి తోసేయగలిగేలా ఉండాలి.

ఆర్డరు అక్కడికక్కడ రాకపోతే దిగులు పడకండి. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఇది కూడా 1973లోనే, పరిచయస్తుల ద్వారా ఉద్యోగాలు దొరికినవాళ్ళని అడిగి చూశాడు. కబురు చెప్పింది రోజూ కలిసే దగ్గరివాళ్ళు కాదు, ఎక్కువమందికి అప్పుడప్పుడు కలిసేవాళ్ళే చెప్పారు. నాకు ఇప్పటికీ అన్నిటికంటే పెద్ద కస్టమరు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో పక్క సీటాయన బావగారు. తుని దాటాక "ఏం చేస్తుంటారు?" అని అడిగితే ఆ బాయిలర్ గేజ్ వాక్యం చెప్పాను. ఆయనకి గేజ్‌తో ఏ సంబంధమూ లేదు, బట్టల వ్యాపారం. ఎనిమిది నెలల తర్వాత వాళ్ళ బావగారు ఫోన్ చేశారు.

చివరగా ఒక పని చేయండి. నిజంగా చిరిగిన పాత గాస్కెట్ ముక్క ఒకటి, దాన్ని చూసి మీరు చేసిన కొత్తది ఒకటి, రెండూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళండి. అలాంటివి నాలుగైదు కవర్లు. మాట్లాడేటప్పుడు చేతికివ్వండి, మనుషులు వస్తువు చేతిలోకి రాగానే తిప్పి చూస్తారు, ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. కవరు మీద మీ పేరూ ఫోన్ నంబరూ అతికించడం మాత్రం మర్చిపోకండి. నేను ఒకసారి తప్పు చూపించే గేజ్ ఒకటి చూపించడానికి పట్టుకెళ్ళాను. ఒకాయన తెగ ముచ్చటపడి "మా వాళ్ళకి చూపించి ఇస్తాను" అని తీసుకెళ్ళారు. దాని మీద నా నంబరు లేదు, ఆయన కార్డు నేను అడగలేదు. ఆ గేజ్ ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో మరి.